గంట ఆగమన్న పెట్టె

"స్క్రూల మీద గోళ్ల రంగు ఎందుకు పూస్తావయ్యా నువ్వు?" అని అడిగాడు డిటెక్టివ్ నత్త.

లాకప్ గోడకు ఆనుకుని కూర్చున్న టీవీ మెకానిక్ తలెత్తి చూశాడు. నిన్న రాత్రి నుంచి ఈ స్టేషన్లో అతన్ని అడుగుతున్నది ఒకటే ప్రశ్న, ఆ పెద్దాయన్ని మేడ మీద నుంచి ఎందుకు తోశావని. గోళ్ల రంగు సంగతి ఎత్తిన మొదటి మనిషి ఇతనే.

"మీకెలా తెలుసు సార్?"

"పొద్దున నీ షాపుకెళ్లి వచ్చాను. నువ్వు బాగుచేసిన ప్రతి పెట్టె మీదా ఎర్ర చుక్కలే."

"నా జాగ్రత్త నాది సార్. నేను బిగించింది ఇంకొకడు విప్పుతాడు, లోపల కెలుకుతాడు, పాడు చేసి మళ్లీ నా నెత్తిన రుద్దుతాడు. అందుకని బిగించాక స్క్రూ తల మీద ఒక చుక్క పెడతా. ఎవడు విప్పినా రంగు పగిలి పట్టిచ్చేస్తుంది. సీసా మా చెల్లిది. అయిపోగొట్టేస్తున్నానని రోజూ తిడుతుంది."

ఆ చెల్లెలే ఇప్పుడు బయట బెంచీ మీద క్యారేజీ ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉంది. నిండు గర్భిణి. డిటెక్టివ్ ఇల్లు వెతుక్కుంటూ వచ్చి, గుమ్మంలోనే ఏడ్చేసి, ఈ కేసు ఆయన నెత్తిన పెట్టింది ఆమే. రేపు పొద్దున మెకానిక్‌ని కోర్టుకి తీసుకెళతారు. హత్య కేసు. ఒకసారి జైలు గుమ్మం దాటాడంటే పుట్టబోయే బిడ్డ మేనమామ మొహం ఎప్పుడు చూస్తుందో ఎవరికీ తెలియదు.

"నిన్న ఏం జరిగిందో మొదటినుంచి చెప్పు" అన్నాడు నత్త.

"ఇందాకే చెప్పాను కద సార్."

"మళ్లీ చెప్పు. నేను నిదానం మనిషిని."

ఆ మాట నిజమే. నత్త అనేది ఆయన అసలు పేరు కాదు. పోలీసు శాఖలో ఉన్న రోజుల్లో ఒక్కో కేసు మీద ఆయన తిష్ఠ వేసే తీరు చూసి తోటివాళ్లు తగిలించిన పేరు. ఉద్యోగం వదిలేసినా పేరు ఆయన్ని వదల్లేదు.

మెకానిక్ చెప్పడం మొదలుపెట్టాడు. వారం కిందట పెద్దాయన ఒక పాత సెట్‌టాప్ బాక్స్‌ని తువ్వాల్లో చుట్టి, రెండు చేతులా పొదివి పట్టుకుని షాపుకొచ్చాడట. టీవీ కార్యక్రమాలు రికార్డు చేసుకునే రకం పెట్టె అది. లోపలి హార్డ్ డిస్క్ చెడిపోయి టిక్కు టిక్కుమంటోంది. కంపెనీవాళ్లు కొత్త పెట్టె ఉచితంగా ఇస్తామన్నారు గానీ, పాత రికార్డింగులు మాత్రం రావన్నారు. ఆ పెట్టెలో రికార్డయినవి ఆ పెట్టెలో తప్ప ఇంకెక్కడా ఆడవు.

"పోనీలెండి, కొత్తది తీసుకోండి అన్నాను సార్. అందులో మా అమ్మాయి ఉంది బాబూ అన్నాడు. మతి చలించిందేమో అనుకున్నా. తర్వాత చెప్పాడు. ఒక్కతే కూతురట. పదకొండేళ్ల పిల్ల, జ్వరమొచ్చి పోయిందట. తొమ్మిదేళ్లయింది. పోయే ముందు టీవీలో పిల్లల కార్యక్రమంలో మాట్లాడిందట. ఆ పిల్ల గొంతు వాళ్లకి మిగిలింది అందులోనే. పెద్దామె రోజూ మధ్యాహ్నం అది పెట్టుకుని చూస్తుందట. ఇంక కాదని ఎలా అంటాను సార్?"

"కొత్త డిస్క్ పెట్టావు."

"పెట్టడమేంటి సార్! పాత దాని మీదున్నది ఉన్నట్టుగా కొత్త దాని మీదకి ఎక్కించాను. చావుబతుకుల్లో ఉన్న డిస్క్ అది. కాసేపు చదువుతుంది, వేడెక్కి ఆగిపోతుంది, చల్లారాక మళ్లీ చదువుతుంది. నాలుగు రోజులు దాని పక్కనే కూర్చున్నా. నిన్న మధ్యాహ్నం వాళ్లింటికి తీసుకెళ్లి, నా కళ్ల ముందే బిగించమని పెద్దాయన అంటే అక్కడే బిగించాను. చుక్కలు పెట్టాను. పాతది ఆయన చేతికిచ్చాను."

"రికార్డింగ్ చూపించావా?"

"లేదు సార్. డిస్క్ మారిస్తే ఈ పెట్టెకి రెండు తిక్కలు. ఆన్ చెయ్యగానే ఫార్మాట్ చేయాలా అని అడుగుతుంది. అవునన్నామా, ఉన్నదంతా తుడిచిపెట్టేస్తుంది. కాదు అనాలి. కాదన్నాక రికార్డింగుల జాబితా ఖాళీగా చూపిస్తుంది. లోపల ఏమున్నాయో వెతుక్కుని పేర్చుకోవడానికి దానికి గంట పడుతుంది. కాదు అని నేనే నొక్కాను. జాబితా ఖాళీగా ఉంటుంది, గాభరా పడకండి, గంట ఆగండి అని ఇద్దరికీ చెప్పాను. ఇంకో ఇంటి నుంచి ఫోన్ మీద ఫోన్. వెళ్లిపోయాను. ఆ హడావుడిలో స్క్రూడ్రైవర్ కూడా అక్కడే మర్చిపోయాను సార్."

"చాలు చాలు, కథ బాగుంది" అంది గుమ్మంలోంచి ఒక గొంతు.

ఇన్‌స్పెక్టర్. ఒకే రోజు ఉద్యోగంలో చేరినవాళ్లు అతనూ నత్తా. నత్త అన్న పేరు పెట్టిన మహానుభావుడు ఇతనే. మనిషి చురుకు. ముక్కు మీద కోపం. శవం లేచే లోపే దోషిని పట్టుకోవాలన్న ఆరాటం.

"ఏం నత్తా, ఇంకా గోళ్ల రంగు దగ్గరే ఉన్నావా? మేం కోర్టు మెట్ల దాకా వచ్చేశాం."

"మీ దగ్గరేముందో చెప్పు, వింటాను."

"ఇతగాడు కొత్త డిస్క్ పెట్టానంటాడు. నేను స్వయంగా ఆ పెట్టె ఆన్ చేసి విన్నాను. పాతదే లోపల టిక్కు టిక్కుమంటోంది. పెట్టకుండానే పెట్టానన్నాడు. పెద్దాయన కనిపెట్టాడు. ఇద్దరికీ గొడవైంది, ఎదురింటావిడ కేకలు విన్నది. మేడ మీద, ఆయన పడ్డ చోటికి సరిగ్గా పైన, పిట్టగోడ పక్కన ఇతని స్క్రూడ్రైవర్ దొరికింది. ఇక పెద్దామె నోటి మాట విను. ఆ మెకానిక్ మా ఇంటి గడప తొక్కకపోతే మా ఆయన బతికేవాడు అంది. ఇంకేం కావాలి నీకు?"

"తోశాడని అందా?"

"వేరే చెప్పాలా?"

"అరిచింది ఎవరో ఎదురింటావిడ చెప్పిందా?"

"గొడవ అంటే ఇద్దరుంటారు. వీడొకడు, ఆయనొకడు."

"సాయంత్రం నాతో ఆ ఇంటికి రా. ఆ స్క్రూడ్రైవర్ కూడా పట్రా. నాది తప్పని తేలితే నీ కేసులో మళ్లీ వేలు పెట్టను."

"నువ్వు ఓడిపోయే ముచ్చట చూడ్డానికి ఎంతసేపైనా వస్తాను" అన్నాడు ఇన్‌స్పెక్టర్.

బయటికొస్తుంటే బెంచీ మీది చెల్లెలు లేవబోయి, లేవలేక కూర్చుండిపోయింది. "అన్నయ్య ఏమైనా తిన్నాడా సార్?" అంది. తిన్నాడని అబద్ధమాడి నత్త గబగబా మెట్లు దిగాడు. ఆయన గబగబా నడవడం ఆ స్టేషన్లో ఎవరూ చూసి ఎరగరు.

సాయంత్రం పెద్దామె ఇద్దరికీ తలుపు తీసి, ఎవరు మీరని కూడా అడక్కుండా పక్కకు తప్పుకుంది. ఏడ్చి ఏడ్చి కళ్లు ఇంకిపోయిన మొహం. హాల్లో టీవీ, దాని కింద ఆ పెట్టె, గోడ మీద కళ్లజోడు పెట్టుకుని నవ్వుతున్న పాప ఫోటో. కిటికీ పక్కన కుట్టు మిషన్. టీవీకి ఎదురుగా రెండు కుర్చీలు ఉన్నాయి. ఒకటి టీవీకి బాగా దగ్గరగా, రెండోది దాని వెనకగా ఉంది.

"వెనక కుర్చీ ఆయనదా అమ్మా?" అని అడిగాడు నత్త.

"అవును బాబూ."

"నిన్న మెకానిక్ వెళ్లాక ఏం జరిగింది?"

"నాకేం తెలీదు. నేను వంటింట్లో ఉన్నాను. ధబ్బుమని చప్పుడైంది. వెళ్లి చూస్తే..." పైట నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఈ టీవీ దగ్గరికే రాలేదా?"

"రాలేదు."

"ఆవిడ్ని ఎందుకు సతాయిస్తావ్?" అని కసిరాడు ఇన్‌స్పెక్టర్. నత్త మేడ మెట్లెక్కాడు. విసుక్కుంటూనే ఇన్‌స్పెక్టర్ వెనకాల వెళ్లాడు.

డిష్ పిట్టగోడకి అవతలి వైపు బిగించి ఉంది. దాన్ని అందుకోవాలంటే పిట్టగోడ ఎక్కి వంగాల్సిందే. గోడ మీద నాచు గీరుకుపోయి చెప్పు జారిన గుర్తు పొడుగ్గా కనిపిస్తోంది. నత్త తల వంచి డిష్ బిగింపుని చాలాసేపు చూశాడు.

"స్క్రూడ్రైవర్ తియ్యి. దాని మొన ఎలా ఉంది?"

"చిన్నది. ఆరు మూలల నక్షత్రంలాగా."

"డిష్‌కి ఉన్నవేమిటి?"

ఇన్‌స్పెక్టర్ వంగి చూశాడు. "నట్లు."

"బొటనవేలంత నట్లు. పానా లేనిదే కదలవు. తుప్పు కూడా చెదరలేదు, ఎవరూ ముట్టుకోలేదు. రోజూ ఇదే పని చేసుకు బతికే మెకానిక్ డిష్ దగ్గరికి ఈ పిల్ల స్క్రూడ్రైవర్ పట్టుకుని వస్తాడా? ఇది వాడి చేతిలో రాలేదు. పని తెలియని మనిషి జేబులో మర్చిపోయి తెచ్చాడు. వంగినప్పుడు జారి ఇటు పడింది, మనిషి అటు పడ్డాడు."

"పెద్దాయన జేబులోకి ఎందుకొచ్చింది?"

"కిందికి పద."

హాల్లో నత్త చతికిలబడి పెట్టెను ముందుకు లాగాడు. వెనక డిష్ నుంచి వచ్చే రెండు తీగల్లో ఒకటి సరిగా బిగించి లేదు, వేలితో తాకితే ఊడి వచ్చింది. పెట్టెను తిప్పి స్క్రూలు చూపించాడు. నాలుగింటి మీదా ఎర్ర రంగు ఉంది. నాలుగూ పగిలి, ముక్కలు రాలి, కింది ఇనుము తెల్లగా గీసుకుపోయింది.

"మెకానిక్ బిగించి వెళ్లాక దీన్ని ఎవరో విప్పారు. అలవాటు లేని చెయ్యి. గీతలు చూడు."

"వాడే విప్పాడేమో."

"వాడైతే మళ్లీ చుక్క పెట్టేవాడు. దొంగపని చేసినవాడు ముందు ఆ చుక్కే సరిచేస్తాడు." నత్త మూత తీశాడు. లోపల ఉన్నది పాత డిస్కే. ఆ విషయంలో ఇన్‌స్పెక్టర్ చెప్పింది అక్షరాలా నిజం. "కొత్తది తీసేసి పాతది మళ్లీ పెట్టారు. మరి కొత్తది ఎక్కడమ్మా?"

"నాకు తెలీదు" అంది పెద్దామె. కానీ ఆమె కళ్లు ఒక్కసారి కుట్టు మిషన్ వైపు పోయి వచ్చాయి. నత్త లేచి మిషన్ సొరుగు లాగాడు. దారపు ఉండల మధ్య, తువ్వాల్లో చుట్టి, కొత్త డిస్క్ ఉంది. అంత జాగ్రత్తగా చుట్టింది పెద్దాయన చేతులేనని ఆయనకి అనిపించింది.

ఆయన కూర్చుని, అదే స్క్రూడ్రైవర్‌తో, ఒక్కో స్క్రూ నిదానంగా విప్పి పాతది తీసి కొత్తది పెట్టాడు. రెండు తీగలూ గట్టిగా బిగించాడు. పెట్టె ఆన్ చేశాడు. టిక్కు టిక్కు లేదు. తెర మీద అక్షరాలు వచ్చాయి: 'కొత్త డిస్క్ గుర్తించబడింది. ఫార్మాట్ చేయాలా?' దాని కింద 'అవును' అన్నది ముందే వెలుగుతోంది.

"ఏదో అడుగుతోంది, ఓకే కొట్టేస్తే పోలా" అంటూ ఇన్‌స్పెక్టర్ రిమోట్ అందుకున్నాడు.

అతని బొటనవేలు బటన్ మీదకి వెళ్లడమూ, నత్త ఎగిరి ఆ చెయ్యి పట్టుకోవడమూ ఒకేసారి జరిగాయి. రిమోట్ కింద పడి దొర్లింది.

"చెయ్యి విరుగుతుందయ్యా!"

"విరిగితే అతుక్కుంటుంది. అది తుడిచిపెట్టుకుపోతే ఎవరూ తేలేరు" అన్నాడు నత్త, రొప్పుతూ. రిమోట్ తీసి, బాణం గుర్తు ఒకసారి నొక్కి, 'కాదు' వెలిగాక ఓకే అన్నాడు.

తెర మారింది. రికార్డింగుల జాబితా. ఖాళీ.

ఇన్‌స్పెక్టర్ పెద్దగా నవ్వాడు. పెద్దామె నవ్వలేదు. "ఏమీ లేదు చూశారా బాబూ! నిన్న కూడా ఇంతే" అంది.

అనేసి నాలుక కరుచుకుంది. ఇన్‌స్పెక్టర్ నవ్వు ఆగిపోయింది. ఎంత తొందర మనిషైనా పోలీసు చెవి పోలీసు చెవే.

"టీవీ దగ్గరికే రాలేదన్నారు కదమ్మా?" అన్నాడతను.

ఆమె తల వంచుకుని చీర కుచ్చిళ్లు చేత్తో నలుపుతూ నిలబడింది. అడిగే పని నత్తకిక లేదు. జరిగినదంతా ఆయనకి కళ్లకు కట్టింది. కట్టినందుకు ఆయనకు ఏ సంతోషమూ కలగలేదు. మెకానిక్ చెప్పింది నిజమైతే ఇంకాసేపట్లో ఈ జాబితాలో ఒక పేరు వస్తుంది. అది వస్తే లాకప్‌లో ఉన్నవాడు బయటికొస్తాడు. అది వస్తే ఈ తల్లి ఏమవుతుంది? పెట్టె ఆపేసి, డిస్క్ చెడిపోయిందమ్మా అని చెప్పి వెళ్లిపోతే బాగుండునని మనసు పీకింది. బెంచీ మీద క్యారేజీ పట్టుకుని కూర్చున్న ఆడపిల్ల గుర్తొచ్చింది.

"గంట ఆగాలి" అన్నాడు. "అమ్మా, మీరు కావాలంటే లోపలికెళ్లి పడుకోండి."

"నేనెక్కడికీ పోను" అందామె. ముందు కుర్చీలో కూర్చుంది. వెనక కుర్చీలో ఎవరూ కూర్చోలేదు.

ఆ గంట ముగ్గురూ ఎలా గడిపారో చెప్పడం కష్టం. ఇన్‌స్పెక్టర్ వాచీ చూసుకున్నాడు, గుమ్మం దాకా వెళ్లొచ్చాడు, ఫోన్లో ఎవరినో తిట్టాడు, రెండుసార్లు "ఇంక పోదాం పద" అన్నాడు. నత్త మాత్రం గచ్చు మీద గోడకానుకుని కూర్చుని తెరనే చూస్తున్నాడు. పెద్దామె చూపు తెర మీదే ఉంది గానీ ఆమె దేన్నీ చూస్తున్నట్టు లేదు. బయట చీకటి పడింది. దీపం వెయ్యాలని ఎవరికీ తోచలేదు.

అప్పుడు, ఏ చప్పుడూ లేకుండా, ఖాళీ జాబితాలో ఒక వరస వెలిగింది. తొమ్మిదేళ్ల కిందటి తేదీ. పక్కన ఆ పిల్లల కార్యక్రమం పేరు.

పెద్దామె లేచి నిలబడింది. తెర దగ్గరికి వెళ్లి ఆ వరస మీద అరచెయ్యి పెట్టింది. "ఉందా?" అంది. "ఇది ఇందులోనే ఉందా? నిన్న కూడా ఉందా?"

"ఉందమ్మా" అన్నాడు నత్త.

ఆమె నిలబడ్డచోటే కూలబడిపోయింది.

"గంట ఆగమన్నాడు బాబూ ఆ అబ్బాయి. చెప్పాడు, నాకు చక్కగా చెప్పాడు. ఆగలేకపోయాను. వారం రోజులయింది పిల్లని చూసి. ఖాళీగా కనిపించేసరికి నా ప్రాణం పోయినట్టయింది. వాడు మోసం చేశాడు, పాతదే పెట్టండి అని ఆయన మీద అరిచాను. ఎదురింటావిడ విన్నది నా గొంతే. కాసేపు ఆగుదామే అన్నాడాయన. మీకేం, మీరు ఎన్నాళ్లయినా ఆగుతారు, కన్నదాన్ని నేను అన్నాను. ఆ మాటకి ఇంక ఆయన నోరెత్తలేదు. అన్నీ విప్పి పాతది పెట్టాడు. అది టిక్కు టిక్కుమంటూనే ఉంది. టీవీలో సిగ్నల్ లేదని వచ్చింది. డిష్ కదిలిందేమో, పైకెళ్లి చూడండి అన్నాను. నేనే పంపాను బాబూ. మోకాళ్ల నొప్పులతో మెట్లెక్కలేని మనిషిని నేనే పంపాను."



"మరి మెకానిక్ అప్పటికే వెళ్లిపోయాడని మాకెందుకు చెప్పలేదమ్మా?" అన్నాడు ఇన్‌స్పెక్టర్. అతని గొంతులో కోపం లేదు.

"వాడు మోసగాడనే అనుకున్నాను. వాడి మోసం వల్లే పోయాడనుకుంటే నాకు కాస్త ఊపిరాడింది." ఆమె మొహం చేతుల్లో దాచుకుంది. "ఆ అబ్బాయిని వదిలెయ్యండి బాబూ. వాడు చెప్పిందంతా నిజం."

ఇన్‌స్పెక్టర్ గుమ్మం అవతలికి వెళ్లి స్టేషన్‌కి ఫోన్ చేశాడు. "ఆ మెకానిక్‌కి ముందు అన్నం పెట్టించు. వాళ్ల చెల్లెల్ని లోపల కూర్చోబెట్టు. నేనొచ్చి కాగితాలు రాసి పంపించేస్తాను" అనడం వినిపించింది.

"పెట్టమంటారా అమ్మా?" అని అడిగాడు నత్త.

ఆమె రిమోట్ తనే తీసుకుంది. చీకట్లో బటన్ కోసం వెతకలేదు.

తెర మీద రెండు జడల పిల్ల. కళ్లజోడు పైకి తోసుకుంటూ ఏదో కథ మొదలుపెట్టి, సగంలో మర్చిపోయి, కిసుక్కున నవ్వింది. కార్యక్రమం నడిపే ఆవిడ, ఇంట్లో ఎవరు చూస్తున్నారమ్మా అని అడిగింది. "మా అమ్మ. చూస్తోందో లేదో! వంటింట్లో ఉంటుంది. అమ్మా, పొయ్యి కట్టేసి వచ్చి కూర్చో!" అంది పిల్ల. జనం ఘొల్లుమన్నారు.

"కట్టేశానే, వచ్చాను" అంది పెద్దామె తెరతో. తొమ్మిదేళ్లుగా రోజూ చెప్పే జవాబు. ఆమె వేలు వెనక్కి తిప్పే బటన్ మీదకి దానంతటదే వెళ్లింది. మధ్యలో ఆగింది.

"ఎప్పుడూ ఇక్కడ ఆపి మళ్లీ మొదటికి తిప్పేదాన్ని. తర్వాత నేనూ వస్తాను, ఒక్కసారి చూడవే అనేవాడాయన వెనక నుంచి. రేపు చూద్దాంలెండి అనేదాన్ని."

ఈసారి తిప్పలేదు. కెమెరా జనం మీదకి వెళ్లింది. రెండో వరసలో ఒక మగమనిషి. చప్పట్లు కొట్టబోయి, కళ్లు తుడుచుకోబోయి, ఏది ముందు చెయ్యాలో తెలియక తికమకపడుతున్నాడు. పెద్దామె అక్కడ ఆపింది. బొమ్మ కదలకుండా నిలిచింది.

ఇన్‌స్పెక్టర్ కాగితమూ కలమూ పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉన్నాడు. వాంగ్మూలం తీసుకోవాలి. నత్త అతని వైపు చూశాడు.

"ఆగుదాంలే" అన్నాడు ఇన్‌స్పెక్టర్. కలం జేబులో పెట్టుకున్నాడు.

పెద్దామె కుర్చీ వెనక్కి లాగి, ఆయన కుర్చీ పక్కన వేసుకుని కూర్చుంది. చాలాసేపు తెర వంక చూసింది.

"ఆ చొక్కా నేను కుట్టిందే" అంది.